ముందు అమ్మ రక్తం, తర్వాతే మీది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. నాకు 28 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. నాలుగేళ్ల కిందట, 48 ఏళ్ల వయసులో అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. రిపోర్టులో ట్రిపుల్ నెగెటివ్ అని రాశారు. ఆరోగ్యశ్రీ మీద ప్రభుత్వాస్పత్రిలోనే ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఇప్పుడు బాగానే ఉంది. మా పెద్దమ్మ (అమ్మ సొంత అక్క) మాత్రం 54 ఏళ్లకి కడుపులో గడ్డ వచ్చి, నీరు చేరి చనిపోయింది. మా అక్క ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటుంది. అక్కడి డాక్టరుకి ఇదంతా చెబితే జెనెటిక్స్ క్లినిక్‌కి పంపారు. ‘మీ అమ్మగారికి బీఆర్‌సీఏ పరీక్ష అయ్యుంటే ఆ రిపోర్టు పంపండి’ అని వాళ్లు ఉత్తరం రాశారు. ఇక్కడ మాకు ఆ పరీక్ష మాటే ఎవరూ ఎత్తలేదు. రెండు ప్రైవేటు ల్యాబుల్ని అడిగితే ఒకరు 14 వేలన్నారు, ఇంకొకరు 32 వేలన్నారు. అమ్మేమో ‘అయిపోయిందాన్ని మళ్లీ తవ్వడం ఎందుకే’ అంటోంది. అమ్మ బదులు నేను చేయించుకుంటే సరిపోదా? పైగా తమ్ముడికి మా మేనమామ కూతుర్ని అనుకుంటున్నాం. ఈ సంగతి తెలిస్తే సంబంధం ఏమవుతుందోనని ఇంట్లో ఒకటే టెన్షన్. అయినా అక్కకి అక్కడ ఉచితంగా అయ్యేది అమ్మకి ఇక్కడ ఎందుకు కాదు?
– ఓ సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు సూటిగా ఒక మాట. ఈ బీఆర్‌సీఏ పరీక్ష, అంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వంశంలో దిగి వచ్చే జన్యులోపం ఉందేమో చూసే పరీక్ష, మీ అమ్మగారి బదులు మీరు చేయించుకుంటే సరిపోదు. ఇంట్లో ఒక్కరి పరీక్షకే డబ్బుంటే ఆ ఒక్కరూ మీ అమ్మగారే కావాలి.

ఇప్పుడు మీరే వెళ్లి రక్తం ఇచ్చారనుకోండి. నెల తిరిగేసరికి ‘ఏ లోపమూ కనిపించలేదు’ అని రిపోర్టు వచ్చింది. హమ్మయ్య అనుకుంటారు. కానీ ఆ కాగితానికి రెండు అర్థాలున్నాయి. అమ్మగారిలో లోపం ఉంది, అది మీకు రాలేదు అన్నది ఒకటి. అసలు అమ్మగారిలోనే ఈ పరీక్షకి దొరికే లోపం ఏదీ లేదు అన్నది రెండోది. మొదటిదైతే మీ ముప్పు పక్కింటి అమ్మాయి ముప్పుతో సమానం, ఇక ఆ ఊసే మరిచిపోవచ్చు. రెండోదైతే అమ్మకీ పెద్దమ్మకీ ఎందుకొచ్చిందన్న ప్రశ్న అలాగే ఉంటుంది, మీరు జాగ్రత్తగానే ఉండాలి. మీ ఒక్కరి రక్తం చూసి ఈ రెంటిలో ఏదన్నది ఏ ల్యాబూ చెప్పలేదు. అదే అమ్మగారిలో ఫలానా జన్యువులో ఫలానా చోట లోపం ఉందని తేలితే, మీకూ అక్కకీ తమ్ముడికీ ఆ ఒక్క చోటు చూస్తే చాలు. ఉందో లేదో తేలిపోతుంది. దానికయ్యే ఖర్చు మొత్తం పరీక్షతో పోలిస్తే చాలా తక్కువ. లెస్టర్ వాళ్లు అమ్మ రిపోర్టు అడిగింది ఇందుకే.

అమ్మగారికి ఈ పరీక్ష అవసరమేనా అంటే, నాకైతే అనుమానం లేదు. 50 దాటకముందే వచ్చింది, ట్రిపుల్ నెగెటివ్ రకం, తోడబుట్టినావిడ కడుపులో నీరు చేరి పోయారు. ట్రిపుల్ నెగెటివ్ అంటే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, హెర్2 అనే మూడు రిసెప్టర్లూ (కణాల్లో సంకేతాలు అందుకునే ప్రొటీన్లు) లేని గడ్డ. బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం ఉన్నవాళ్లకి వచ్చే రొమ్ము క్యాన్సర్లు ఎక్కువగా ఈ రకానివే. ఇక మన పల్లెల్లో ‘కడుపులో గడ్డ, నీరు’ అని చెప్పుకునే చావుల్లో అండాశయ క్యాన్సర్లు చాలానే కలిసిపోయి ఉంటాయి. మీ పెద్దమ్మగారిది అదేనని నేను అనను. కాకపోతే తెలుసుకోవాల్సిన విషయం అది.

ఈ జన్యువుల గురించి రెండు ముక్కలు. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, కుటుంబాల్లో తరతరాలుగా వచ్చే రొమ్ము క్యాన్సర్‌కి మూలం 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపించారు. 1994లో ఆ జన్యువు దొరికింది, అదే బీఆర్‌సీఏ1. ఆ మరుసటి ఏడాది 13వ క్రోమోజోమ్ మీద బీఆర్‌సీఏ2 దొరికింది. ‘నాకు బీఆర్‌సీఏ ఉందా’ అని చాలామంది అడుగుతుంటారు. అందరికీ ఉంటుంది, మగవాళ్లకి కూడా. తెగిన డీఎన్‌ఏని అతకడం దాని పని. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి వస్తాయి. ఒక ప్రతి పుట్టుకతోనే పాడైతే ముప్పు పెరుగుతుంది. ఆ పాడైన ప్రతి ఒక్కో బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. కొడుకైనా కూతురైనా అంతే. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, బీఆర్‌సీఏ1 లోపం ఉన్న ఆడవాళ్లు 100 మందిలో 72 మందికి 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్, 44 మందికి అండాశయ క్యాన్సర్ వస్తాయి. బీఆర్‌సీఏ2 అయితే అవి 69, 17. ఆ లెక్కలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల కుటుంబాలవని గుర్తుంచుకోండి. ఇంకో మాట, మొత్తం క్యాన్సర్లలో ఇలా వంశపారంపర్యంగా వచ్చేవి 100కి 5 నుంచి 10 మాత్రమే. ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వచ్చిందని అందరూ ల్యాబు ముందు క్యూ కట్టక్కర్లేదు.

ఎవరు క్యూ కట్టాలో తేలాలంటే వంశవృక్షం గీయాలి. అక్కడ నేను కుస్తీ పట్టేది జన్యువులతో కాదు, వరసలతో. ఓపీ చీటీ వెనకవైపు ఆడవాళ్లకి సున్నాలు, మగవాళ్లకి చతురస్రాలు గీస్తూ అడుగుతుంటాను. ‘మా పిన్నికి కూడా వచ్చిందండీ’ అంటారు. సున్నా గీసి నల్లగా నింపుతాను. ఎందుకైనా మంచిదని ‘ఏ పిన్ని?’ అంటాను. ‘మా బాబాయి భార్యండీ.’ కొట్టేస్తాను. ఆవిడ రక్తం వేరు. ‘అత్తకి వచ్చింది’ అంటే మేనత్త కావచ్చు, మేనమామ భార్య కావచ్చు, అత్తగారే కావచ్చు. ఈ ముగ్గురిలో నాకు కావాల్సింది మేనత్త ఒక్కరే. మళ్లీ మేనరికాల ఇళ్లలో మేనమామ భార్యే మేనత్త కూడా అయి కూర్చుంటుంది, అప్పుడు కొట్టేసిన సున్నాని మళ్లీ నింపాలి! లెస్టర్ క్లినిక్ వాళ్లు మీ అక్కకి ఫారం పంపే ఉంటారు. ‘ఆంటీ’ అని రాసి ఊరుకోవద్దని చెప్పండి. ఎవరి తోడబుట్టినవారో, అమ్మవైపో నాన్నవైపో, ఏ అవయవంలో, ఏ వయసులో వచ్చిందో రాయాలి.

నాన్నవైపు సంగతి చాలామంది వదిలేస్తారు. రొమ్ము, అండాశయం అనగానే అది ఆడవాళ్ల వైపు వ్యవహారం అనుకుంటారు. తండ్రి నుంచి కూతురికి అంతే సులువుగా వస్తుంది. తండ్రికి ఏ జబ్బూ రాకపోవచ్చు, కానీ ఆయన అక్కచెల్లెళ్లకి వచ్చి ఉండొచ్చు. వాళ్లు పెళ్లిళ్లై వేరే ఇంటిపేర్లలోకి వెళ్లిపోయారు కాబట్టి వాళ్ల జబ్బులు కూడా ఆ ఇళ్ల ఖాతాలో పడిపోతాయి. ‘మా ఇంటిపేరు వాళ్లలో ఎవరికీ లేదండీ’ అని ధైర్యంగా చెప్పే ఇళ్లలో రెండు ప్రశ్నలు అడగ్గానే ముగ్గురు బయటపడ్డ సందర్భాలున్నాయి. జన్యువుల సంగతి ఎవరికీ తెలియని రోజుల్లోనే, 1895లో, మిషిగన్‌లో బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ ఆల్డ్రెడ్ వార్తిన్ అనే డాక్టరుతో ‘మా ఇంట్లో అందరూ కడుపు క్యాన్సర్‌తోనో గర్భసంచి క్యాన్సర్‌తోనో పోతారు, నేనూ అలాగే పోతాను’ అందట. అలాగే గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. ఆ డాక్టరు ఆ మాటని కొట్టిపారేయకుండా కుటుంబం మొత్తాన్ని వెతికి 1913లో రాశాడు. పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు తరతరాలుగా వచ్చే ఆ ఇంటి జబ్బునే ఇప్పుడు మనం లించ్ సిండ్రోమ్ అంటున్నాం. దాని జన్యువు దొరకడానికి ఇంకో 80 ఏళ్లు పట్టింది.

ఇక 14 వేలా, 32 వేలా అన్న సంగతి. ధర చూసి ఎంచుకోకండి, ఫోను చేసి అడగండి. మొదటిది, జన్యువు మొత్తం చదువుతారా, కొన్ని చోట్లే చూస్తారా? అమెరికాలో ఇంటి నుంచే ఉమ్మి పంపించి చేయించుకునే ఒక పరీక్షకి 2018లో అనుమతి ఇచ్చారు. అప్పట్లో అది చూసింది అష్కెనజీ యూదుల్లో ఎక్కువగా కనిపించే మూడే మూడు మార్పుల్ని. మనలాంటి వాళ్లకి అలాంటిదాంట్లో ‘లేదు’ అని వస్తే ఆ మాటకి విలువ లేనట్టే. రెండోది, డిలీషన్, డూప్లికేషన్ (జన్యువులో పెద్ద ముక్క ఊడిపోవడం, రెండుసార్లు పడటం) కూడా చూస్తారా? అక్షరదోషాల్ని పట్టే పద్ధతికి ఒక్కోసారి పేజీకి పేజీ చిరిగిపోయిన సంగతి కనిపించదు. దానికి ఎంఎల్‌పీఏ అనో, అంతకు సమానమైనదో వేరే పద్ధతి ఉండాలి. మూడోది, రక్తం మీద చేస్తారా, గడ్డ ముక్క మీదా? గడ్డలో కనిపించే మార్పు అక్కడే పుట్టినది కూడా కావచ్చు, పిల్లలకి దానితో సంబంధం ఉండదు. మీకు కావాల్సింది రక్తం మీద చేసేది. ఇంకా, ఆ పరీక్షకి ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా, రిపోర్టు వచ్చాక వివరించే జెనెటిక్ కౌన్సెలర్ ఉన్నారా, అమ్మకి లోపం బయటపడితే పిల్లలకి ఆ ఒక్క చోటు చూడటానికి ఎంత తీసుకుంటారు. ఈ ఆఖరి ప్రశ్నకి వచ్చే జవాబుతో మీ లెక్క మొత్తం మారిపోవచ్చు. 14 వేల ల్యాబు ఇవన్నీ ఇస్తుంటే మిగతా 18 వేలు దండగ. ‘మా దాంట్లో వంద జన్యువులున్నాయండీ’ అని ఊరిస్తే పడిపోకండి. జన్యువులు పెరిగేకొద్దీ తలనొప్పీ పెరుగుతుంది. ఆ తలనొప్పి పేరు వీయూఎస్.

వీయూఎస్ అంటే, మార్పు కనిపించింది కానీ అది చెడ్డదో కాదో ఇంకా తెలియదని. మన భాషలోనే చెబుతాను. ‘కన్ను’ అని రాయాల్సిన చోట ‘కను’ అని ఉంటే అర్థం చెడదు. ‘కళ్లు’ అని ఉండాల్సిన చోట ‘కల్లు’ అని పడితే కొంప మునుగుతుంది. తేడా ఒక్క అక్షరమే. ఈ రెండూ సులువే. చిక్కంతా మూడో రకంతో. ‘సొరకాయ’ ఒక్కటే తెలిసినవాడు ఒక నిఘంటువు రాశాడనుకోండి. అందులో ‘ఆనపకాయ’ ఉండదు. శ్రీకాకుళం మనిషి రాసిన ఉత్తరంలో ఆ మాట కనిపిస్తే అది తప్పా, వాళ్ల వైపు మాటా అన్నది ఆ నిఘంటువు చూసి చెప్పలేం. ప్రపంచంలో జన్యుమార్పుల నిఘంటువులు ఎక్కువగా యూరప్ సంతతి వాళ్ల రక్తంతో రాసినవి. అందుకే మన రిపోర్టుల్లో ఈ ‘తెలియదు’ అన్న మాట ఎక్కువగా వస్తుంది. 2015లో అమెరికా జన్యు వైద్యుల సంఘం పెట్టిన పద్ధతిలో మార్పుల్ని ఐదు గదుల్లో వేస్తారు. పాథోజెనిక్ (జబ్బు తెచ్చేది), లైక్లీ పాథోజెనిక్ (బహుశా తెచ్చేది) అని ఉంటేనే ఆపరేషన్ లాంటి నిర్ణయాలు. మధ్య గదిలో ఉన్నది వీయూఎస్. దాన్ని పట్టుకుని ఏమీ చేయకూడదు. ఇంట్లోవాళ్లకి ఆ మార్పు కోసం పరీక్షలు కూడా చేయించకూడదు.

ఇది ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఒకావిడ నా దగ్గరికి ఫైలు పట్టుకుని వచ్చారు. ఎక్కడో ఒక ఆస్పత్రిలో వీయూఎస్ రిపోర్టు చూసి ‘జీన్ పాజిటివ్’ అని పెన్నుతో చుట్టి, రెండు అండాశయాలూ తీసేశారు. ఆవిడకి అప్పటికి 36 ఏళ్లు. నేను అదే మార్పుని మళ్లీ వెతికితే అది ‘బెనైన్’ (హాని లేనిది) గదిలోకి మారి ఉంది. ఆవిడతో ఏం చెప్పాలో ఆ రోజు నాకు పాలుపోలేదు. ఫైలు మూసి, ముందు మంచినీళ్లు తెప్పించాను.

అమ్మగారి విషయానికొద్దాం. ‘అయిపోయిందాన్ని తవ్వడం ఎందుకు’ అన్నారంటే, ఇది మీ కోసం చేసే పని అనుకుంటున్నారు. ముందు ఇది ఆమె కోసం. బీఆర్‌సీఏ1 లోపం ఉంటే ఆమెకి అండాశయాల ముప్పు ఇంకా అలాగే ఉంది. దాన్ని ముందే పట్టుకునే నమ్మకమైన పరీక్ష లేదు. స్కానింగ్, సీఏ 125 రక్తపరీక్ష చేస్తూ పోతే ప్రాణాలు నిలుస్తాయేమోనని బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా ఆడవాళ్లని ఏళ్ల తరబడి గమనించారు. చావులు తగ్గలేదని 2021లో తేల్చారు. అందుకే లోపం ఉన్నవాళ్లకి, పిల్లల్ని కనడం అయిపోయాక, బీఆర్‌సీఏ1 అయితే 35 నుంచి 40 ఏళ్ల మధ్యలోనే అండాశయాలూ ట్యూబులూ తీయించుకోమంటారు. అమ్మగారికి ఆ వయసు దాటిపోయింది కాబట్టి రిపోర్టులో లోపం అని వస్తే ఇక వాయిదా వేయాల్సిన పని లేదు. ఆ ఆపరేషన్ గుంటూరులోనో విజయవాడలోనో పెద్దాస్పత్రి గైనిక్ విభాగంలో రోజూ చేసేలాంటిదే. ఇంకోటి, రేపు జబ్బు తిరగబెడితే, బీఆర్‌సీఏ లోపం ఉన్న క్యాన్సర్లకి వాడే ఒలాపరిబ్ లాంటి మందులు పనిచేస్తాయా లేదా అన్నది కూడా ఈ రిపోర్టే చెబుతుంది.

అయినా ఒప్పుకోకపోతే? బీపీకి, షుగర్‌కి అని చెప్పి రక్తం తీయించే పని మాత్రం చేయకండి. తల్లులు వద్దనడానికి చాలాసార్లు అసలు కారణం వేరే ఉంటుంది. ‘నా రక్తంలోనే ఉందా, నా బిడ్డలకి నేనే ఇచ్చానా’ అన్న దిగులు. ఆమె కూడా ఎవరి దగ్గరో తీసుకున్నదే అది, అడిగి తెచ్చుకున్నది కాదు. ఈ మాట మీరు కాకుండా మీ అక్క ఫోన్‌లో చెబితే ఇంకా బాగా పనిచేయొచ్చు, దూరాన ఉన్న బిడ్డ మాటకి ఇళ్లలో విలువెక్కువ.

తమ్ముడి సంబంధం దగ్గర కాస్త ఆగాలి. అమ్మకి ఈ లోపం ఉంటే అది తాతయ్య నుంచో అమ్మమ్మ నుంచో వచ్చినట్టు. అంటే మీ మేనమామకి ఉండే అవకాశం సగం, ఆయన కూతురికి నాలుగో వంతు. మీ తమ్ముడికి సగం. ఇద్దరికీ ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఇద్దరికీ ఒకే జన్యువులో లోపం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ రెండు ప్రతులూ పాడైనవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. బీఆర్‌సీఏ2లోనో, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే ఇంకో జన్యువు పీఏఎల్‌బీ2లోనో అలా జరిగితే ఆ బిడ్డకి ఫ్యాంకోనీ ఎనీమియా అనే జబ్బు వస్తుంది. పసితనంలోనే ఎముక మజ్జ దెబ్బతినడం, రక్త క్యాన్సర్, మెదడులో గడ్డలు, చాలా కష్టమైన జబ్బు. పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో ఇది ఒక మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. మేనరికాలు ఇంతగా ఉన్న మన దగ్గర మొదటి పేజీలో ఉండాలి. పెళ్లి మానుకోమని నేను అనడం లేదు. అమ్మ రిపోర్టు వచ్చేదాకా ముహూర్తం పెట్టుకోకండి. లోపం ఉందని తేలితే తమ్ముడొక్కడు పరీక్ష చేయించుకుంటే చాలు, అతనికి లేకపోతే అక్కడితో ఈ భయం పోయినట్టే. మగవాడు కదా అతనికెందుకు అనుకోకండి, బీఆర్‌సీఏ2 లోపం ఉన్న మగవాళ్లకి ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు, కొంతవరకు రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా ఉంటాయి.

బయటికి తెలిస్తే ఏమవుతుందో అన్నారు. మీరు ఎవరి దగ్గర దాచాలనుకుంటున్నారో వాళ్లది కూడా ఇదే రక్తం. మేనమామకి సగం అవకాశం ఉన్నప్పుడు ఈ సంగతి ఆయనకి చెప్పాల్సిందే. ఇది తెలిస్తే ఇన్సూరెన్సు వాళ్లు పేచీ పెడతారేమోనన్న భయం చాలామందికి ఉంటుంది, అది మాత్రం కొంత నిజం. అమెరికాలో 2008లో జన్యు వివక్ష మీద ప్రత్యేక చట్టం చేశారు. మనకి అలాంటిది లేదు. 2018లో ఢిల్లీ హైకోర్టు ఆరోగ్య బీమాలో జన్యు కారణాలతో వివక్ష చూపడం రాజ్యాంగ విరుద్ధం అంది. కానీ కోర్టు మాట వేరు, కౌంటర్ దగ్గర అనుభవం వేరు. మీకు ఆరోగ్య బీమా లేకపోతే, మీ సొంత పరీక్షకి వెళ్లేముందే తీసుకోండి. ఫారంలో అడిగినదానికి అబద్ధం మాత్రం రాయకండి.

అక్కకి అక్కడ అయ్యేది అమ్మకి ఇక్కడ ఎందుకు కాదు అన్నారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ వాక్యమే.

ఇంగ్లండ్‌లో కూడా ఒకప్పుడు ఏ ఊళ్లో ఉన్నామన్నదాన్ని బట్టి పరీక్ష దొరికేది. 2013లో ఒక గీత గీశారు. లోపం ఉండే అవకాశం 100కి 10 దాటితే పరీక్ష ఇవ్వాలని. 2018లో అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ దేశం మొత్తానికి ఒకే పట్టిక వేసింది. ఏ జబ్బుకి ఏ పరీక్ష, ఎవరికి, ఏ జన్యువులు అన్నీ అందులో ఉంటాయి, ఒక్కో పరీక్షకి ఒక నంబరు. రొమ్ము, అండాశయాల పరీక్ష నంబరు ఆర్208, దాంట్లో ఏడు జన్యువులు. 40 లోపు వచ్చిన రొమ్ము క్యాన్సర్, 60 లోపు వచ్చిన ట్రిపుల్ నెగెటివ్, మగవాడికి ఏ వయసులో వచ్చినా సరే, ఇలా అర్హతలు రాసి పెట్టారు. ల్యాబుల్ని ఏడు కేంద్రాల కింద చేర్చారు. లండన్‌లో రాయల్ మార్స్‌డెన్ ఆస్పత్రిలో నజ్నీన్ రెహమాన్ బృందం ఇంకో సంగతి చేసి చూపించింది: ప్రతి రోగీ జెనెటిక్స్ నిపుణుల కోసం నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు, క్యాన్సర్ డాక్టర్లకే కాస్త శిక్షణ ఇస్తే వాళ్లే పరీక్ష రాయగలరని. ఆ పట్టిక ప్రకారం మీ అమ్మగారు లెస్టర్‌లో ఉండి ఉంటే, ఎవరినీ అడక్కుండానే నాలుగేళ్ల కిందటే పరీక్ష అయిపోయేది.

మనకి యంత్రాలు లేక కాదు. హైదరాబాద్‌లో జన్యు పరిశోధన సంస్థలు సీసీఎంబీ ఉంది, సీడీఎఫ్‌డీ ఉంది, నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. లేనిది ఆ పట్టిక. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ (పేరు ఎన్నిసార్లు మారినా జనం నోట అదే) ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, నేను కళ్లారా చూశాను. కానీ అది ప్యాకేజీల మీద నడిచే పద్ధతి. ఆపరేషన్‌కి ఇంత, కీమోకి ఇంత. జబ్బుపడ్డ మనిషి ఉంటేనే ప్యాకేజీ. ఒక మనిషి రక్తం చూసి, జబ్బు రాని నలుగురిని కాపాడే పని ఆ గడిలో ఇమడదు. ఆ నలుగురూ రేపు జబ్బుపడి వస్తే మాత్రం నలుగురికీ ప్యాకేజీలు ఇస్తాం!

దీనికి కొత్త భవనాలేం అక్కర్లేదు. 60 లోపు ట్రిపుల్ నెగెటివ్ అని బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజే దాని కింద ‘జన్యు పరీక్షకి పంపాలి’ అన్న వాక్యం అచ్చు పడాలి. అండాశయ క్యాన్సర్ రోగులకీ, రొమ్ము క్యాన్సర్ వచ్చిన మగవాళ్లకీ కూడా. పెద్దపేగు క్యాన్సర్ అయితే ఇంకా సులువు. గడ్డ ముక్క మీదే నాలుగు ప్రొటీన్ల రంగు పరీక్ష చేస్తే లించ్ సిండ్రోమ్ అనుమానం తేలిపోతుంది. ఆ పరీక్ష పెద్దపేగు క్యాన్సర్ రోగులందరికీ చేయాలని ఇంగ్లండ్‌లో 2017లోనే చెప్పారు. ధర అంటారా? క్యాన్సర్ మందుల్ని చాలా ఆస్పత్రుల తరఫున కలిసి బేరమాడి కొన్న అనుభవం మన క్యాన్సర్ ఆస్పత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌కి ఉంది. పరీక్షల ధరల్ని కూడా అలాగే దించొచ్చు. అన్ని ప్రభుత్వాస్పత్రుల రిపోర్టులూ ఒకే తీరులో ఉండి, ఒకే చోట చేరితే ఇందాక చెప్పిన నిఘంటువులోకి మన మాటలు కూడా ఎక్కుతాయి. పది వేల మంది భారతీయుల జన్యు సమాచారాన్ని జీనోమ్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టు 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులో పెట్టింది. మంచిదే. కానీ క్యాన్సర్ ఉన్న ఇళ్ల మార్పులు ఇప్పుడు ఏ ప్రైవేటు ల్యాబులో చూసినవి ఆ ల్యాబు కంప్యూటర్‌లోనే పడి ఉంటున్నాయి.

ఒక్క షరతు. పరీక్ష పెట్టి, తర్వాతది పెట్టకపోతే అసలు పెట్టకపోవడమే నయం. లోపం ఉందని తేలిన పాతికేళ్ల అమ్మాయికి ఏటా రొమ్ము ఎంఆర్‌ఐ ఎవరు చేస్తారు, ఏ ఊళ్లో, ఎవరి డబ్బుతో అన్నది కూడా ఆ పట్టికలోనే ఉండాలి.

ఇవన్నీ జరిగేదాకా మీరు ఆగలేరు కదా. అమ్మగారికి వైద్యం చేసిన ఆస్పత్రికే ఆంకాలజీ ఓపీ రోజున వెళ్లండి. ‘ట్రిపుల్ నెగెటివ్ కదా సార్, బీఆర్‌సీఏ రక్తపరీక్షకి రాసివ్వండి’ అని ఇవే మాటలతో అడగండి. పథకంలో వస్తుందేమో ఆరోగ్యమిత్రని కూడా అడగండి. అక్కడ కుదరకపోతే విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్ ఉన్నాయి. ముంబయి టాటా మెమోరియల్‌లో ప్రత్యేకంగా క్యాన్సర్ జెనెటిక్స్ క్లినిక్కే ఉంది. కొన్ని మందుల కంపెనీలు రోగులకి ఈ పరీక్ష ఉచితంగానో తక్కువకో చేయించే పథకాలు నడుపుతుంటాయి, డాక్టరునే అడగండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

రిపోర్టు వచ్చాక మొదటి పేజీ ఫోటో తీసి అక్కకి వాట్సాప్‌లో పెట్టి ఊరుకోవద్దు. లెస్టర్ వాళ్లకి కావాల్సింది లోపల పేజీల్లో సీ డాట్, పీ డాట్ అంటూ గొలుసు అక్షరాల్లో ఉండే ఆ జన్యుమార్పు పేరు. ల్యాబు ఇచ్చిన పీడీఎఫ్ మొత్తం పంపండి.

ఈలోగా ఒక పని. మీ పెద్దమ్మగారి ఇంట్లో ఆమె ఆస్పత్రి కాగితాలు ఇంకా ఉన్నాయేమో అడగండి. బీరువా పైన, బియ్యం డబ్బా వెనక, పాత ఎక్స్‌రే కవర్లో ఎక్కడో ఒకచోట ఉంటాయి. బయాప్సీ కాగితం దొరికితే, కడుపులో గడ్డ అన్నది ఏ గడ్డో అందులో రాసి ఉంటుంది. దొరికితే అమ్మగారి ఫైలులోనే పెట్టి తీసుకెళ్లండి.